కండ బయాప్సీ స్లైడు చదవడం: ఏది రోగం చేసింది, ఏది మన చేతులు చేశాయి

కండ బయాప్సీ రిపోర్టు రాయడం నేర్చుకుంటున్న పీజీల కోసం, ఆ ముక్కను ఫ్రీజ్ చేసే టెక్నీషియన్ల కోసం ఇది రాస్తున్నాను. ఆసక్తి ఉన్న మిగతావాళ్లూ చదవొచ్చు, కొరుకుడుపడని విషయమేమీ కాదు. మైక్రోస్కోపు కింద కండ పోగులో ఏ మార్పు కనిపించినా దానికి ఇద్దరిని అనుమానించాలి. ఒకటి జబ్బు. రెండోది, థియేటర్ నుంచి స్లైడు దాకా ఆ ముక్కను పట్టుకున్న చేతులు. చేతుల సంగతి తేల్చుకున్నాకే జబ్బు జోలికి వెళ్లాలి. మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన పీజీ స్లైడు పెట్టీపెట్టగానే "మేడమ్, డిస్ట్రఫీ" (జీన్ లోపం వల్ల కండ క్రమంగా క్షీణించే జబ్బు) అంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ కండమ్మా ఇది? ఎలా వచ్చింది?"

అందుకే ముందు ఐపీస్ కాదు, రిక్విజిషన్ ఫారం చూడండి. వయసు, ఏ కండ, కుడా ఎడమా, సీకే (కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) ఎంత, బలహీనత ఎన్నాళ్లుగా, స్టిరాయిడ్ మొదలుపెట్టారా, కొలెస్టరాల్ మాత్రలు వాడుతున్నారా, ఈఎమ్‌జీ (కండలో సూది గుచ్చి కరెంటు సంకేతాలు చూసే పరీక్ష) ఏ వైపు చేశారు. ఇవి లేకపోతే ఫోన్ చేయండి. "క్లినికల్ హిస్టరీ: వీక్‌నెస్" అని ఒక్క ముక్క రాసి పంపే ఫారాలు వారానికొకటైనా వస్తాయి. వాటిమీద విసుక్కోవడం కన్నా రెసిడెంట్‌కి ఫోన్ కొట్టడం త్వరగా పనయ్యే మార్గం.

ముక్క ఎక్కడ నుంచి తీయాలి

ఇది సర్జన్ పని, కానీ సర్జన్‌కి చెప్పాల్సింది మనమే. పూర్తిగా చచ్చుబడిన కండలో మిగిలేది కొవ్వు, పీచు మాత్రమే. అక్కడ ఏ జబ్బయినా ఒకేలా కనిపిస్తుంది. అసలు బలం తగ్గని కండలో ఏమీ కనిపించకపోవచ్చు. ఓ మోస్తరుగా బలహీనపడినది కావాలి. పరీక్ష చేసే డాక్టర్ చెయ్యి అడ్డుపెడితే కొంతవరకు ఎదిరించగలిగేది, అంటే గ్రేడ్ 4 అని రాసే కండ. తొడలో వాస్టస్ లాటరాలిస్, చేతిలో బైసెప్స్ లేదా డెల్టాయిడ్ మనకి అలవాటైనవి. అలవాటైన కండలో నార్మల్ ఎలా ఉంటుందో కళ్లకు గుర్తుంటుంది కాబట్టి తేడా త్వరగా పట్టుకుంటాం. పిక్క కండ తీయడం తేలికే గానీ, నడుములో నరం నొక్కుకుపోయినవాళ్లలో అక్కడ నరం తాలూకు మార్పులు ఎటూ ఉంటాయి. అవి చూసి తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది.

ఈఎమ్‌జీ సూది గుచ్చిన చోట కొయ్యొద్దు. సూది పోయిన దారంతా పోగులు చచ్చి, వాటిచుట్టూ కణాలు చేరి ఉంటాయి. చూస్తే అచ్చం మయోసైటిస్, అంటే కండ వాపు జబ్బు. అందుకని ఈఎమ్‌జీ ఒక వైపు, బయాప్సీ రెండో వైపు. మత్తు ఇంజక్షన్ చర్మానికే ఇవ్వాలి, కండలోకి దిగకూడదు. కాటరీ (కరెంటుతో కాల్చి కోసే పరికరం) అసలు వద్దు. స్నాయువుకి (కండను ఎముకకి కట్టే తాడు) దగ్గరగా కోసినా చిక్కే. అక్కడ మామూలు మనిషిలో కూడా పోగులు చిన్నాపెద్దా కలిసి ఉంటాయి, న్యూక్లియస్‌లు లోపలికి జరిగి ఉంటాయి, మధ్యలో పీచు చొరబడి ఉంటుంది. డిస్ట్రఫీకి చెప్పే లక్షణాలన్నీ ఆరోగ్యవంతుడి కండలోనే దొరుకుతాయన్నమాట. కండ మధ్యభాగం నుంచి, సెంటీమీటరు పొడవు, అర సెంటీమీటరు మందం ఉన్న ముక్క చాలు.

దారిలో జరిగేవి

సెలైన్‌తో తడిపి గట్టిగా పిండేసిన గాజుగుడ్డలో ముక్కను చుట్టాలి. మూత బిగించిన పొడి డబ్బాలో పెట్టాలి. ఆ డబ్బాను ఐస్ ప్యాక్‌లున్న థర్మాకోల్ పెట్టెలో పెట్టి, వీలైనంత త్వరగా, రెండు మూడు గంటల్లోపే ల్యాబ్‌కి చేర్చాలి. ఇందులో కీలకం "పిండేసిన" అన్న మాట. ఒక జిల్లా ఊరి నుంచి ఒకసారి ఓ ముక్క యూరిన్ డబ్బాలో సెలైన్ నిండా పోసి, అందులో తేలుతూ వచ్చింది. పంపినవాళ్లు శ్రద్ధగానే పంపారు, ఎండిపోకూడదని. ఆ నీరంతా పోగుల మధ్యకి చేరి, ఫ్రీజ్ చేయగానే మంచు స్ఫటికాలైంది. సెక్షన్ (స్లైడు మీద పెట్టే పలచటి కోత) నిండా తెల్లటి కన్నాలు. ఆ కన్నాల్లో గ్లైకోజెన్ జబ్బు (గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ కండలో పేరుకుపోయేది) వెతకడానికి ఇద్దరు పీజీలు ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నారు. కన్నం అంచు పదునుగా, ముక్కలు ముక్కలుగా ఉండి, లోపల ఏమీ లేకుండా, ప్రతి పోగులోనూ ఒకే తీరుగా ఉంటే అది మంచు. గ్లైకోజెన్ జబ్బుల్లో ఒకటైన పాంపేలో కనబడే వాక్యుయోల్ (పోగు లోపలి బుడగ) అన్ని పోగుల్లోనూ సమానంగా ఉండదు. లోపల పీఏఎస్ అనే రంగుకి ఎర్రగా రంగుపట్టే పదార్థం ఉంటుంది, యాసిడ్ ఫాస్ఫటేస్ అనే ఎంజైము రంగు కూడా పాజిటివ్ వస్తుంది.

ఫార్మలిన్‌లో వేసి పంపితే ఇంకో రకం నష్టం. ఆకారం బాగానే కనిపిస్తుంది గానీ ఎంజైములు చచ్చిపోతాయి. కండ విషయంలో మనకి కావాల్సిన సమాచారంలో సగం ఎంజైముల రంగుల్లోనే ఉంటుంది. ముక్క పెద్దదైతే చివర కొంచెం కోసి ఫార్మలిన్‌లో, మరో సన్నటి పీలిక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం గ్లూటరాల్డిహైడ్‌లో వేసుకోవచ్చు. అసలు ముక్క మాత్రం తాజాగా రావాలి.

ఫ్రీజింగ్: తొందరపడాల్సిన చోటు, పడకూడని చోటు

ముక్కను నేరుగా లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచొద్దు. నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలే అయినా, వెచ్చటి ముక్క తగలగానే అది మరిగి ముక్కచుట్టూ గ్యాస్ పొర కడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. దాంతో ముక్క నెమ్మదిగా గడ్డకడుతుంది, నెమ్మదిగా గడ్డకట్టిన నీరు పెద్ద స్ఫటికాలవుతుంది. అందుకే మధ్యలో ఐసోపెంటేన్ వాడతాం. స్టీలు బీకరులో ఐసోపెంటేన్ పోసి, దాన్ని నైట్రోజన్ ఫ్లాస్కులోకి కొద్దికొద్దిగా దించాలి. కాసేపటికి బీకరు అడుగున తెల్లటి పలుకులు కడతాయి, పైన ద్రవం చిక్కబడుతుంది. మైనస్ 155, మైనస్ 160 దగ్గరికి వచ్చినట్టు గుర్తు. థర్మామీటర్ అక్కర్లేదు, ఆ పలుకులు చాలు. పలుకులు కనబడకముందే ముంచేసే టెక్నీషియన్ చేతిలో ఎంత మంచి ముక్కయినా పాడవుతుంది.

మన ఊళ్లలో ఐసోపెంటేన్‌తో ఇంకో బాధ ఉంది. అది మరిగేది 28 డిగ్రీల దగ్గరే. హైదరాబాద్ మే నెలలో ఏసీ లేని గదిలో సీసా మూత తీస్తే కళ్లముందే ఆవిరైపోతుంది. పైగా మంట అంటుకునే సరుకు. ఇలాంటివి దాచడానికే తయారుచేసిన ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మామూలు ఇంటి ఫ్రిజ్ పనికిరాదు, దాని లోపలి స్విచ్ నిప్పురవ్వ చాలు ప్రమాదానికి.

ఇక ముక్కను నిలబెట్టడం. తొందరపడకూడనిది ఇక్కడే. హ్యాండ్ లెన్స్‌తో పోగులు ఎటు పోతున్నాయో చూసి, కార్క్ ముక్క మీద కొంచెం ట్రగకాంత్ జిగురు పెట్టి, పోగులు నిలువుగా పైకి ఉండేలా కూర్చోబెట్టాలి. జిగురు అడుగున మాత్రమే ఉండాలి. ముక్క చుట్టూ పూస్తే అదే వేడిని పట్టుకుని ఉంటుంది. ముంచేముందు పైతడిని ఫిల్టర్ కాగితంతో అద్దండి. ఇప్పుడు తొందరపడొచ్చు. ఫోర్‌సెప్స్‌తో కార్క్‌ను తలకిందులుగా పట్టుకుని ఒక్కసారిగా ముంచి, 10 నుంచి 20 సెకన్లు ఆడిస్తూ ఉంచాలి. మరీ ఎక్కువసేపు ఉంచితే ముక్క పగుళ్లిస్తుంది. తీసినదాన్ని బల్లమీద పెట్టి కబుర్లాడొద్దు, క్రయోస్టాట్‌లోకో (చలిలో పలచగా కోసే యంత్రం) మైనస్ 80 ఫ్రీజర్‌లోకో వెళ్లిపోవాలి. మైనస్ 20 చుట్టుపక్కల క్రయోస్టాట్‌లో 8 నుంచి 10 మైక్రాన్ల మందంతో కొయ్యండి. మొదటి సెక్షన్ చూసి మంచు కన్నాలు మరీ ఎక్కువుంటే, ముక్కను కరిగించి మళ్లీ త్వరగా ఫ్రీజ్ చేయడం ఒక దారి. ఒక్కోసారి బాగానే కోలుకుంటుంది. ఏ రంగూ వేయకముందే ఆ నిర్ణయం తీసుకోవాలి.

హెచ్ అండ్ ఈ: మొదటి నడక

హెచ్ అండ్ ఈ అంటే ఏ ముక్కకైనా ముందు వేసే మామూలు రంగు. 4ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో (తక్కువగా పెద్దది చేసి చూపే లెన్స్) మొదలుపెట్టి, కనీసం ఒక చుట్టు మొత్తం తిరిగాకే పెద్ద ఆబ్జెక్టివ్‌కి వెళ్లండి. పోగులు అడ్డంగా తెగాయా? పోగుల కట్టల హద్దులు తెలుస్తున్నాయా? మార్పు ముక్కంతా ఉందా, ఒక అంచునే ఉందా? అంచునే ఉన్న మార్పుని నేను సామాన్యంగా నమ్మను.

ముందు నార్మల్ కళ్లకి అలవాటు కావాలి. పెద్దవాళ్ల కండలో పోగులు కోణాలు కోణాలుగా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మధ్యలో పీచు దాదాపు కనబడనంత పలచన. అడ్డకొలత మగవాళ్లలో సుమారు 40 నుంచి 80 మైక్రాన్లు, ఆడవాళ్లలో 30 నుంచి 70. పిల్లల్లో పోగులు ఇంకా సన్నగా, గుండ్రంగా ఉంటాయి. రెండేళ్ల బాబు స్లైడుని పెద్దవాళ్ల కొలతలతో చూసి "అట్రఫీ" (పోగులు సన్నబడటం) అని రాయకండి. న్యూక్లియస్‌లు పొర కిందే, అంచున ఉండాలి. నూటికి మూడు పోగుల్లో లోపల కనబడినా పరవాలేదు, అది దాటితే గమనించాల్సిందే.

ఇక్కడ కాసేపు ఆగి పోగు లోపలి నిర్మాణం తలుచుకుంటే తర్వాతివి తేలికగా అర్థమవుతాయి. ఒక పోగంటే ఒకే కణం. పొడవైన కండల్లో కొన్ని సెంటీమీటర్లుంటుంది, లోపల వందలకొద్దీ న్యూక్లియస్‌లుంటాయి. అందులో మైక్రాను మందం మయోఫైబ్రిల్స్, ఆ ఫైబ్రిల్ పొడవునా సార్కోమియర్లు ఒకదాని వెంట ఒకటి. ఒక జడ్ గీత నుంచి తర్వాతి జడ్ గీత దాకా ఒక సార్కోమియర్, విశ్రాంతిలో రెండు, రెండున్నర మైక్రాన్లు. మధ్యలో మయోసిన్ తాళ్లు, 1.6 మైక్రాన్ల పొడవు. చీకటిగా కనిపించే 'ఏ' (A) బ్యాండ్ అదే. రెండువైపులా జడ్ గీతల నుంచి యాక్టిన్ తాళ్లు లోపలికి వస్తాయి. కండ ముడుచుకున్నప్పుడు ఈ తాళ్లేవీ పొట్టివి కావు, ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి. 'ఏ' బ్యాండ్ వెడల్పు అలాగే ఉంటుంది, పక్కనున్న వెలుతురు ఐ బ్యాండ్ మాత్రం తగ్గుతుంది. 1954లో నేచర్ పత్రికలో ఒకే సంచికలో రెండు పేపర్లు వచ్చాయి దీనిమీద. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కే రాసింది, రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ రాసింది. ఇద్దరు హక్స్‌లీలకీ చుట్టరికం లేదు, వైవాలో సరదాగా అడుగుతుంటారు.

దీనికీ మన స్లైడుకీ సంబంధం ఉంది. బతికున్న కండను కోస్తే తెగిన చివర్లలో పొర చిరుగుతుంది, కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, తాళ్లు విపరీతంగా జారి గుట్టగా ముద్దకడతాయి. ఆ పోగు గుండ్రంగా ఉబ్బి, ముదురు గులాబీ రంగులో, చారలు లేకుండా నున్నగా కనిపిస్తుంది. మగపిల్లలకొచ్చే డూషేన్ డిస్ట్రఫీలో కనిపించే హైపర్‌కాంట్రాక్టెడ్ (విపరీతంగా ముడుచుకున్న) పోగు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. కారణమూ ఒకటే మరి, పొర చిరగడం, కాల్షియం రావడం. అక్కడ పొరను చింపింది డిస్ట్రఫిన్ (పొరకు దన్నుగా ఉండే ప్రోటీన్) లేకపోవడం, ఇక్కడ సర్జన్ బ్లేడు. తేడా చూడాల్సింది పోగులో కాదు, దాని చోటులో. ముక్క అంచున వరసగా ఉంటే బ్లేడు. కట్టల నడిమధ్యన, అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి ఉండి, పక్కనే చచ్చిన పోగులూ కొత్తగా పుడుతున్న పోగులూ ఉంటే జబ్బు.

చావు, పుట్టుక ఒకే స్లైడులో

కండ బయాప్సీలో నాకు ఎప్పుడూ విసుగు పుట్టనిది ఈ భాగమే. చచ్చిన పోగుల్ని చూసి జబ్బు వయసు చెప్పొచ్చు, కొంచెం అనుభవం వచ్చాక.

పొర తెగి కాల్షియం వచ్చాక కాల్పైన్ లాంటి ప్రోటీన్ కోసే ఎంజైములు పనిలోకి దిగుతాయి. ముందుగా దెబ్బతినే వాటిలో జడ్ గీతలుంటాయి. హెచ్ అండ్ ఈలో పోగు పాలిపోతుంది, లోపల గరుకుగా, రంగు సరిగా పట్టకుండా ఉంటుంది. ఈ దశలో మాక్రోఫేజ్‌లు ఇంకా రావు. ఒకటి రెండు రోజుల్లో అవి పోగు లోపలికే దిగి చెత్త ఎత్తిపోస్తాయి. పోగు చుట్టూ ఉన్న బేసల్ లామినా అనే పలచటి తొడుగు మాత్రం గొట్టంలా నిలబడి ఉంటుంది. ఆ లామినా కింద నిద్రపోతున్న శాటిలైట్ కణాలు లేచి, సంఖ్య పెంచుకుని, ఆ గొట్టంలోనే కొత్త పోగును కడతాయి. ఈ కణాల్ని 1961లో అలెగ్జాండర్ మారో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కప్ప కండలో చూశాడు. కొత్త పోగు చిన్నదిగా, కొంచెం నీలంగా ఉంటుంది. ఆ నీలం ప్రోటీన్ తయారీకి పోగైన ఆర్‌ఎన్‌ఏది. న్యూక్లియస్ పెద్దది, న్యూక్లియోలస్ స్పష్టంగా కనిపిస్తుంది. మొదట లోపలున్న న్యూక్లియస్‌లు మనుషుల్లో మెల్లగా అంచుకి చేరతాయి. ఎలుకల్లో అయితే మధ్యలోనే ఉండిపోతాయి. ఎలుక స్లైడులమీద పీహెచ్‌డీ చేసి వచ్చినవాళ్లు ఇక్కడ తడబడతారు.

ఇప్పుడు స్లైడు మీద లెక్క చూడండి. చచ్చిన పోగులన్నీ ఒకే దశలో ఉన్నాయా? అయితే దెబ్బ ఒకేసారి తగిలింది: పాము కాటు, మందు, విపరీతమైన శ్రమ, రాబ్డోమయోలైసిస్ (కండ ఒక్కసారిగా పెద్ద ఎత్తున చావడం). పాలిపోయినవి, మాక్రోఫేజ్‌లు నిండినవి, నీలంగా పుడుతున్నవి అన్నీ పక్కపక్కనే ఉంటే ఆ పని ఆగకుండా నడుస్తోందని. వాటితోపాటు పోగుల మధ్య పీచు పెరిగి, కొవ్వు చేరి, కొన్ని పోగులు వందకు పైగా మైక్రాన్లకు ఉబ్బి, కొన్ని సన్నబడి, అన్నీ గుండ్రంగా మారి ఉంటే అప్పుడు "డిస్ట్రఫిక్ ప్యాటర్న్" అని రాయండి. ఆ మాట కూడా ఒక ప్యాటర్న్ పేరే, జబ్బు పేరు కాదు.

శ్రమ అన్నాను కాబట్టి ఒక మాట. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేస్తూ, ఒళ్లునొప్పులకి సీకే చేయించుకుని, వేలల్లో వచ్చిందని టెన్షన్ పడుతూ వచ్చే కుర్రాళ్లున్నారు. అలవాటు లేని పరుగు, ముఖ్యంగా దిగుడు దారిలో పరుగు, మెట్లు దిగడం, బరువు నెమ్మదిగా కిందికి దించడం లాంటివి కండను సాగదీస్తూ పనిచేయిస్తాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే తిన్నగా ఉండాల్సిన జడ్ గీతలు వంకర్లు పోయి, పక్క సార్కోమియర్‌లోకి కారిపోయినట్టుంటాయి. జడ్ లైన్ స్ట్రీమింగ్ అంటాం. అది దానంతటదే మానుతుంది. వారం పది రోజులు పూర్తిగా ఆపించి సీకే మళ్లీ చేయిస్తే చాలామందికి బయాప్సీ అవసరమే రాదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రిపోర్టులో ఒకటి రెండు చోట్ల స్ట్రీమింగ్ కనబడిందని జబ్బు పేరు పెట్టకండి, ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది.

సన్నబడిన పోగులు: ఏవి, ఎక్కడ, ఏ ఆకారంలో

హెచ్ అండ్ ఈలో పోగు సన్నబడిందని తెలుస్తుంది గానీ ఏ రకం పోగో తెలియదు. దానికి ఏటీపేస్ అనే ఎంజైము రంగు కావాలి. నెమ్మదిగా పనిచేసేవి టైప్ 1 పోగులు, వేగంగా పనిచేసేవి టైప్ 2. 2ఎ, 2బి వాటిలో ఉపరకాలు. పీహెచ్ 9.4 దగ్గర టైప్ 1 పోగులు లేతగా, టైప్ 2 ముదురుగా వస్తాయి. 4.3 దగ్గర తారుమారు. 4.6 దగ్గర టైప్ 1 ముదురు, 2ఎ లేత, 2బి మధ్యస్థం. పీహెచ్ మీటరు సరిగ్గా సెట్ చేయకపోతే ఈ స్లైడులన్నీ వృథా. పాయింట్ ఒకటి తేడా వచ్చినా 2ఎ, 2బి కలిసిపోతాయి. స్లైడు చూడగానే ముందు నార్మల్ కంట్రోల్ ఎలా వచ్చిందో చూడండి, తర్వాతే పేషెంట్‌ది.

టైప్ 2 పోగులు మాత్రమే సన్నబడి ఉంటే అది బయాప్సీలో కనబడే మార్పుల్లోకెల్లా ఎక్కువసార్లు కనబడేది, తక్కువ చెప్పేది. మంచానపడినా, స్టిరాయిడ్ వాడినా, ఒళ్లు చిక్కినా, విటమిన్ డి బాగా తగ్గినా ఇదే. మయోసైటిస్‌కి ఆరు నెలలుగా స్టిరాయిడ్ వాడుతున్న మనిషి బలహీనత పెరిగితే జబ్బు తిరగబెట్టిందా, మందే కండను తింటోందా అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు మాత్రం ఈ మార్పుకి విలువుంది. చచ్చిన పోగులూ లింఫోసైట్‌లూ (రోగనిరోధక తెల్లకణాలు) లేకుండా టైప్ 2 మాత్రమే తగ్గి ఉంటే డోసు తగ్గించమని చెప్పే ధైర్యం డాక్టర్‌కి వస్తుంది.

రెండు రకాలూ కలిసి సన్నబడి, పక్క పోగుల మధ్య నలిగి మూలలు తేలి, ఎన్‌ఏడీహెచ్ అనే మరో ఎంజైము రంగులో ముదురుగా వస్తే నరం పోయినట్టు. పక్క నరం కొమ్మలు వేసి ఆ అనాథ పోగుల్ని చేరదీస్తుంది. చేరదీసిన నరం ఏ రకమో పోగు ఆ రకానికి మారిపోతుంది. 1960లో బుల్లర్, జాన్ ఎక్ల్స్, ఆయన కూతురు రోజమండ్ ఎక్ల్స్ పిల్లుల్లో వేగంగా పనిచేసే కండ నరాన్నీ నెమ్మదిగా పనిచేసే కండ నరాన్నీ తారుమారు చేసి, కండల వేగం కూడా మారుతుందని చూపించారు. మన స్లైడులో అది ఇలా కనిపిస్తుంది: టైప్ 1, టైప్ 2 కలగలుపుగా ఉండాల్సిన చోట ఒకే రకం గుంపులు గుంపులుగా. తర్వాత ఆ పెంపుడు నరం కూడా పోతే గుంపు మొత్తం ఒకేసారి సన్నబడుతుంది. గ్రూప్ అట్రఫీ అంటాం. పసిపిల్లల స్పైనల్ మస్క్యులర్ అట్రఫీలో (వెన్నులో కండ నరాల కణాలు పోయే జబ్బు) ఆ సన్న పోగులు మూలలు లేకుండా గుండ్రంగా ఉంటాయి, మధ్యమధ్య బాగా ఉబ్బిన టైప్ 1 పోగులుంటాయి. ఇప్పుడైతే ఆ పిల్లలకి రక్తంతో ఎస్‌ఎమ్‌ఎన్1 జీన్ పరీక్ష ముందు చేస్తారు, ముక్క దాకా రారు.

ఇంకొకటి ఆకారంతో కాదు, చోటుతో పట్టుకోవాలి. డెర్మటోమయోసైటిస్‌లో (చర్మం మీద కూడా కనబడే మయోసైటిస్) కట్ట నడుమ పోగులు నిండుగా ఉండి, అంచు వెంబడి ఒకటి రెండు వరసలు మాత్రం సన్నబడతాయి. గట్టు వెంట పైరు ఎండి నడుమ పచ్చగా ఉన్న చెక్కలా ఉంటుంది 4ఎక్స్‌లో. 40ఎక్స్‌కి దూకినవాళ్లకి ఇది కనపడదు. అయితే కట్ట అంచే ముక్క అంచు కూడా అయితే జాగ్రత్త, నలిగిన పోగులు కూడా అలాగే ఉంటాయి. ముక్క లోపల ఉన్న కట్టల్లో చూడండి. అక్కడా ఉంటే, ఎమ్ఎక్స్ఏ అనే ప్రోటీన్ స్టెయిన్ ఆ అంచు పోగుల్లో పాజిటివ్ వస్తే, లింఫోసైట్‌లు ఒక్కటీ లేకపోయినా రిపోర్టు రాసేయొచ్చు.

లింఫోసైట్‌లుంటే మయోసైటిస్ అనే తొందర మన దగ్గర చాలా ఖరీదైన తొందర. డిస్‌ఫెర్లిన్ అనే కండపొర ప్రోటీన్ లోపం (అది డిస్ట్రఫీ, మయోసైటిస్ కాదు) ఉన్న ఇరవైల కుర్రాడికి పిక్కలు బలహీనపడి, సీకే వేలల్లో ఉండి, స్లైడులో లింఫోసైట్‌లు కనబడితే పాలిమయోసైటిస్ అని రాసి, ఏళ్ల తరబడి స్టిరాయిడ్ మింగించిన సందర్భాలున్నాయి. ఇలాంటి కేసులో నేను డిస్‌ఫెర్లిన్ స్టెయిన్ చేయకుండా సంతకం పెట్టను.

మిగతా రంగులు

మాడిఫైడ్ గొమోరి ట్రైక్రోమ్ అనే రంగులో పోగు పచ్చనీలంగా వస్తుంది. పొర కింద ఎర్రగా, చిరిగిన అంచులా మైటోకాండ్రియా పోగుపడితే రాగెడ్ రెడ్ ఫైబర్. కాక్స్, ఎస్‌డీహెచ్ అనే మైటోకాండ్రియా ఎంజైముల రంగులు ఒకే సెక్షన్ మీద వరసగా వేస్తే కాక్స్ లేని పోగులు నీలంగా బయటపడతాయి. డెబ్భై దాటినవాళ్లలో అలాంటివి నాలుగైదు దొరికితే వయసు. ముప్పైలో దొరికితే మైటోకాండ్రియా జబ్బుకి వెతకాలి. ఎర్రటి సన్నని పుల్లల్లాంటివి గుంపుగా ఉంటే నెమలైన్ రాడ్స్, అంచున ఎర్రటి రవ్వలున్న వాక్యుయోల్స్ అయితే రిమ్డ్ వాక్యుయోల్స్. ఈ రిమ్ పారఫిన్ బ్లాకులో కరిగిపోతుంది, ఫ్రోజెన్‌లోనే చూడాలి.

ఎన్‌ఏడీహెచ్‌లో పోగు నడుమ రంగు పట్టని గుండ్రటి చుక్క కనబడితే, పోగు పొడవునా అది సాగి ఉంటే, సెంట్రల్ కోర్. 1956లో షై, మగీ వర్ణించారు. హెచ్ అండ్ ఈలో ఇది దాదాపు మామూలుగానే కనిపిస్తుంది, అందుకే ఎన్‌ఏడీహెచ్ వేయకుండా కంజెనిటల్ మయోపతీ (పుట్టుకతో వచ్చే కండ జబ్బు) లేదని రాయకూడదు. కోర్ కనబడితే రిపోర్టు టైపయ్యేదాకా ఆగకండి, ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఎక్కువ కేసుల్లో ఆర్‌వైఆర్1 జీన్ లోపం ఉంటుంది. ఆ మనిషికి హాలోథేన్ లాంటి గ్యాసో సక్సినైల్‌కోలీనో ఇస్తే ఒళ్లు కాలిపోయే మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా రావొచ్చు. కుటుంబంలో మిగతావాళ్లకీ ఆ ప్రమాదం ఉండొచ్చు. మత్తు డాక్టర్‌కి చూపించడానికి కాగితం మీద రాసివ్వమని చెప్పండి.

డిస్ట్రఫిన్ స్టెయిన్ గురించి ఒక్క హెచ్చరిక. పోగు చుట్టూ గోధుమరంగు గీత రాలేదంటే డిస్ట్రఫిన్ లేదని వెంటనే అనొద్దు. పొరే పోయి ఉండొచ్చు, ముక్క ఆలస్యంగా వచ్చినందుకో, మంచు చింపినందుకో. పక్క సెక్షన్‌లో స్పెక్ట్రిన్ అనే మరో పొర ప్రోటీన్ చూడండి. స్పెక్ట్రిన్ గీత చక్కగా ఉండి డిస్ట్రఫిన్ లేకపోతేనే అది లేనట్టు. ఒక యాంటీబాడీతో సరిపెట్టొద్దు, ప్రోటీన్ రెండు చివర్లకీ, నడుముకీ మూడు వేయాలి. డూషేన్ కన్నా తేలికైన బెకర్ రకంలో ఒక భాగమే మాయమవుతుంది. అక్కడక్కడ ఒకటి రెండు పోగులు చక్కగా రంగుపట్టి ఉంటే రివర్టెంట్ పోగులు, అంటే జబ్బు కండలోనే డిస్ట్రఫిన్ తిరిగి తయారుచేసుకున్నవి, కంగారుపడొద్దు. నిజానికి ఐదారేళ్ల బాబు, పెద్ద పిక్కలు, పది వేలు దాటిన సీకే అయితే ముందు జీన్ పరీక్ష చేయించమని నేనే వెనక్కి పంపుతాను. ఎమ్‌ఎల్‌పీఏ అనే జీన్ పరీక్షలో డిలీషన్ (జీన్‌లో ఒక ముక్క ఊడటం) దొరికితే ఆ పసివాడికి కోత తప్పుతుంది.

రిపోర్టు, మిగిలిన ముక్క

రిపోర్టులో మొదటి వాక్యం ముక్క నాణ్యత గురించే ఉండాలి: ఏ కండ, ఎలా వచ్చింది, ఎన్ని కట్టలు, మంచు నష్టం ఎంత. "మధ్యస్థంగా ఫ్రీజింగ్ ఆర్టిఫాక్ట్ ఉంది, వాక్యుయోల్స్ గురించి చెప్పలేం" అని రాయడానికి మొహమాటపడొద్దు. తర్వాత కనబడినది, ఆ తర్వాత ప్యాటర్న్, చివర్లో జబ్బు పేరు, అదీ ఫారంలో రాసినదానితో కుదిరితేనే. కుదరకపోతే ప్యాటర్న్ దగ్గరే ఆపి, ఏ పరీక్ష తర్వాత చేయాలో చెప్పండి.

మిగిలిన ముక్కను కార్క్‌తో సహా పారేయకుండా దాచండి. పైన కొంచెం ఓసీటీ జెల్ పూసి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, గాలి చొరని సంచిలో పెట్టి మైనస్ 80లో వేయండి. లేబుల్ పెన్సిల్‌తో రాయండి, ఐసోపెంటేన్ తగిలితే మార్కర్ ఇంకు చెరిగిపోతుంది. కరెంటు పోయినప్పుడు ఆ ఫ్రీజర్ జనరేటర్ లైనులో ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడిగి తెలుసుకోండి. రెండేళ్ల తర్వాత జీన్ రిపోర్టులో అర్థంకాని మార్పొకటి పట్టుకుని న్యూరాలజిస్ట్ వస్తారు, ఆ ప్రోటీన్ స్టెయిన్ చేయగలరా అని. ముక్క ఉంటే చేయగలం.